రెండో తాళంచెవి

మా ఇంట్లో దసరాకు మనుషులకంటే ముందు బండ్లు స్నానం చేస్తాయి. తొర్రూరు పక్కన మా అత్తగారి ఊరు. పండుగ పొద్దున ట్రాక్టరు, రెండు బైకులు, నా కారు వరసగా పొలం కాడి బోరు దగ్గరికి పోతాయి. మా మామ లుంగీ ఎగ్గట్టి, మోటారు పైపు చేతబట్టి, ఒక్కో బండినీ ఎద్దును కడిగినంత ఇష్టంగా కడుగుతాడు. ఆ పని ఇంకొకరికి ఇవ్వడు.

ఆ ఏడు కారు బానెట్ ఎత్తి లోపలికి కూడా పైపు పెట్టాడు.

"అండ్లకు నీళ్లు కొట్టకుండ్రి మామయ్యా, వైర్లుంటయి," అన్నాను.

"పూజ జేసే జాగ గలీజుగ ఉంటదా? నువ్వు ఇంట్లకు పో," అన్నాడు.

కడగడం అయ్యాక ఇంజన్ మీద పసుపునీళ్లు చల్లి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు కూడా అందులోనే చిలకరించాడు. సాయంత్రం అందరం జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టి కాళ్లు మొక్కాం. నేనూ మొక్కాను.

నేను మహబూబాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మధ్యాహ్నం ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగే డ్యూటీ. ఆ వేళకు అక్కడి నుంచి మా ఊరు చేరాలంటే సొంత బండి తప్ప దారి లేదు. మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేస్తాడు, ఆదివారాలు వస్తాడు. అందుకే డ్రైవింగ్ నేర్చుకున్నాను, నా జీతంతో కారు కొన్నాను. కారు ఉంటే నౌకరీ ఉంటుంది, లేకపోతే లేదు. నా సంగతి అంతే.

కారు ఇచ్చిన రోజు షోరూంలో పళ్లెంలో రెండు తాళంచెవులు పెట్టారు. నేను ఒకటి తీసుకునేలోపే రెండోది మా మామ జేబులోకి పోయింది. "ఇంటి బండి. ఒక చాబీ ఇంట్ల ఉండాలె," అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. నా అమాయకత్వానికి ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆయన మాజీ సర్పంచ్. పెళ్లిళ్లు, పంచాయితీలు, పార్టీ మీటింగులు ఆయనకు ఎప్పుడూ ఉంటాయి. నేను చీర కట్టుకుని, అన్నం డబ్బా సర్దుకుని వాకిట్లోకి వస్తే కారు ఉండేది కాదు. మా మరిదిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఫోన్ చేస్తే, "ఒక్క దినం నువ్వు పోకుంటే దవాఖాన బందు వెడ్తరా?" అనేవాడు. నేను బ్యాగు భుజాన వేసుకుని అలాగే నిలబడేదాన్ని. మా అత్త ఒకసారి నన్ను చూసి ఒక ముక్కాలి పీట తెచ్చి వేసింది. ఆ ఇంట్లో నాకు దొరికిన న్యాయం ఆ పీటే.

దసరా అయిన కొన్నాళ్లకు డ్యూటీకి పోతుంటే నెల్లికుదురు దాటాక కారు నడుస్తూ నడుస్తూ ఊపిరి ఆగినట్టు ఆగిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. వెనక ఒక లారీ హారన్ కొట్టింది. బైకుల మీద పోయేవాళ్లు ఆగి అద్దాల చుట్టూ మూగారు. "అక్కా, బానెట్ తియ్యి," అని ఒకడు, "డీజిల్ ఉన్నదా, సూడు," అని ఒకడు, "ఎవరినన్న మొగోళ్లను పిలువరాదు," అని ఇంకొకడు. నేను అద్దాలు దించలేదు. లోపల ఉక్కపోతకు చెమట కారిపోతోంది. బయటికి వస్తే వాళ్లందరికీ జవాబు చెప్పాలి, లోపల ఉంటే ఊపిరాడదు. అక్కడే ఏడ్చాను, సిగ్గేం లేదు.

కాసేపటికి దానంతట అదే లేచింది. మర్నాడు మళ్లీ ఆగింది. తర్వాత అసలు లేవడమే మానేసింది.

ఆ ఆదివారం ఇంట్లో పంచాయితీ పెట్టారు. నా గురించే పంచాయితీ, నేను మాత్రం చాయ్‌లు అందించాను.

"ఆడోళ్ల చేతికి బండి ఇస్తే గట్లనే అయితది," అన్నాడు మామ. "ఈ నెలాఖరుదాకా సూస్త. బండి బాగుపడ్డదా, సరే. లేదంటే నౌకరికి రాజీనామ ఇయ్యాలె. రోజూ నీ ఎనక మనిషిని దోలెతందుకు మాకు పనుల్లేవా?"

మా ఆయన తల వంచుకుని చాయ్ తాగాడు. బయటికి వచ్చాక, "బాపుతోని లొల్లెందుకు? నెలాఖరుదాకా టైమిచ్చిండు గద," అన్నాడు నాతో. టైమిచ్చాడట! నా నౌకరీకి ఆయన టైమివ్వడమేమిటని నాకు తిక్క రేగింది. ఆసుపత్రిలో ఒకామెను బతిమాలి, బస్సులు దొరికే పొద్దుటి డ్యూటీకి మార్పించుకున్నాను. అదీ ఆ నెల వరకే.

తొర్రూరులో మెకానిక్కులకు అంతుబట్టలేదు. కారును డీసీఎం లారీ మీద ఎక్కించి జనగామకు పంపాం. అక్కడ ఒకతను లాప్‌టాప్ తగిలించి చూసి, బ్యాటరీ పక్క నుంచి ఒక చదునైన డబ్బా ఊడదీశాడు. దాన్ని ఈసీఎం అంటారట. ఇంజన్‌కు ఎప్పుడు ఎంత డీజిల్ పోవాలో చెప్పేది అదే. దాని కనెక్టర్ లాగితే పిన్నుల మీద చిలుము పట్టి ఉంది, మూలల్లో ఎండిపోయిన పసుపు.

"దసరాకు మోటార్ పైపుతోని కడిగిన్రా అక్కా?" అన్నాడు. "పండుగైనంక గిసొంటియి వస్తనే ఉంటయి. లోపల బోర్డు గూడ పోయింది. మార్చుడే."

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో సంతోషం దాచుకోలేకపోయాను. మామ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "దేవుని నీళ్లకు బండి ఖరాబయితదా? పైసలు గుంజెతందుకు జెప్తడు వాడు," అని తుండు దులుపుకుని లేచాడు.

కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి, ఆలస్యమవుతుందన్నారు. ఈలోపు మా ఆయన భూపాలపల్లిలో పాత సామాను దుకాణంలో, గుద్దుకుని నుజ్జయిన అదే రకం కారు నుంచి ఒక ఈసీఎం పట్టుకొచ్చాడు. నాకోసం అతను స్వయంగా చేసిన పని అదొక్కటే, కాబట్టి చాలా ఆశపడ్డాను. బిగించి తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద చిన్న తాళం గుర్తు టపటపా వెలిగింది తప్ప ఇంజన్ కదల్లేదు.

"ఇది పాత బండి చాబీనే యాది జేస్కుంటున్నదన్నా," అన్నాడు మెకానిక్ నవ్వుతూ. "ప్రతి డబ్బా తన చాబీని గుర్తు వెట్టుకుంటది. వేరే చాబీకి ఇంజన్‌ను లేవనియ్యది."

మా ఆయన ఆ డబ్బాను సంచిలో వేసుకుని భూపాలపల్లి బస్సెక్కాడు. నేను మళ్లీ రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. రాజీనామా ఎలా రాయాలో కూడా మనసులో రాసుకున్నాను.

నెలాఖరుకు కొంచెం ముందు కొత్త ఈసీఎం వచ్చింది. పొద్దుటి డ్యూటీ దిగి జనగామ పోయేసరికి మెకానిక్ దాన్ని బిగించి లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు.

"రెండో చాబీ తెచ్చినవా అక్కా? ఇయ్యాల ఏ చాబీ సూపిస్తే గదే గుర్తువడ్తది. తేని చాబీ డోర్ తీస్తది గని, ఇంజన్ లేపది."

మామకు ఫోన్ చేశాను. మెకానిక్ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. మరిదితో పంపమన్నాను.

"బండి బాగుజేసెటోనికి రెండు చాబీలెందుకు? నా దగ్గరున్నది గుంజుకునే నాటకమా?" అన్నాడు.

"నాటకం గాదు మామయ్యా. తేకుంటే అది మల్ల పంజెయ్యది."

"నా చాబీ నా దగ్గర్నే ఉంటది. ఎట్ల పంజెయ్యదో నేనూ సూస్త," అని పెట్టేశాడు.

మెకానిక్ నా మొహం చూశాడు. "తొందరేం లేదక్కా. రేపు తెచ్చినా చేద్దాం," అన్నాడు.

రేపు నేనే వెళ్లి బతిమాలి తేవచ్చు. అత్తతో చెప్పించవచ్చు. ఇవన్నీ నాకు తట్టాయి. నా చేతిలో ఉన్న తాళంచెవి అతనికిచ్చి, "వద్దు తమ్మీ, ఇదొక్కటే. ఇప్పుడే చెయ్యి," అన్నాను. తప్పు చేస్తున్నాననిపించలేదు. కొన్న ఇన్నాళ్లకు ఆ కారు నా చేతికి వస్తోందనిపించింది.

ఇంజన్ ఒక్క తిప్పుకే లేచింది.

ఇంటికి తెచ్చి వాకిట్లో పెడితే మామ చుట్టూ తిరిగి చూసి, "బాగుపడ్డదా మరి," అన్నాడు. బాగుపడిందన్నాను. రెండో తాళంచెవి సంగతి ఆయన అడగలేదు, నేను ఎత్తలేదు. ఫోన్‌లో ఒకసారి చెప్పాను కదా. కానీ అప్పటినుంచి నాకు నిద్ర కరువైంది. ఆయన తెల్లబట్టలు వేసుకుంటే చాలు, కిటికీ దగ్గరికి పోయేదాన్ని. ఎవరి పెళ్లి ఉందో, ఎక్కడ మీటింగుందో నేనే ముందు కనుక్కునేదాన్ని. గెలిచాననుకున్న మనిషిని, ఇంట్లో దొంగలా తిరిగాను.

ఒకరోజు డ్యూటీకి తయారవుతుంటే కారు తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. మరిది స్టీరింగ్ ముందు, మామ పక్క సీట్లో, మడత నలగని కండువాతో. మరిది తిప్పాడు. మళ్లీ తిప్పాడు. వీధిలో పోయేవాళ్లు ఇద్దరు ఆగి చూస్తున్నారు. నేను బ్యాగు తీసుకుని బయటికి వచ్చాను.

"మల్ల ఖరాబైందేందే?" అన్నాడు మామ దిగుతూ. నుదుటి మీద చెమట.

"బండి మంచిగనే ఉన్నది మామయ్యా. ఆ చాబీకి లేవది. జనగామకు పంపుమని ఫోన్ జేసిన గద."

ఆయన తన చేతిలోని తాళంచెవిని చూసుకున్నాడు. తర్వాత ఆ చెయ్యే నా ముందుకు చాచాడు. "నీది ఇయ్యి."

అలవాటు చొప్పున నా చెయ్యి బ్యాగులోకి పోయింది. తాళంచెవి వేళ్లకు తగిలింది కూడా. ఇస్తే అయిపోతుంది, ఎప్పటిలాగే మళ్లీ నేను వాకిట్లో నిలబడతాను. మా అత్త తలుపు చాటున నిలబడి నన్నే చూస్తోంది.

"నాకు డ్యూటీ టైమైతున్నది," అన్నాను. "తొర్రూరుల దింపుత. కూసోండ్రి."

మరిది మెల్లగా దిగి పక్కకు తప్పుకున్నాడు. మామ వీధిలో నిలబడ్డవాళ్లను చూశాడు, నన్ను చూశాడు. చివరికి వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాడు.

మామ తొర్రూరులో దిగి, తలుపు పట్టుకుని, "పనయ్యేసరికి నాకు రాత్రయితది. నువ్వెప్పుడొస్తవ్?" అన్నాడు.

"ఈడికొచ్చేవరకు తొమ్మిదయితది."

"తొమ్మిదింటికి మనూరికి ఒక్క ఆటో గూడ ఉండది గద," అన్నాడు, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు.

"ఉండది మామయ్యా," అని గేరు వేశాను.