కృపారాణి వాల్వు సెట్టు

రామచంద్రపురంలో కృపారాణి డాబా మీదుగా రెండు కొబ్బరిచెట్ల మధ్య సాగిన తీగను చూసి, కొత్తవాళ్ళు బట్టలారేయడానికని అనుకుంటారు. అది ఆమె వైర్‌లెస్ ఏరియల్. తొంభై ఆరు తుపానుకి ఫోన్లన్నీ మూగబోతే, సరదాకి వైర్‌లెస్ నడిపే హామ్ రేడియో క్లబ్బువాళ్ళు చర్చి మేడ మీద పెట్టిన సెట్టొక్కటే బయటి ఊళ్ళతో మాట్లాడింది. అది చూసే ఆమె లైసెన్సు పరీక్షకు కూర్చుంది. హాస్టల్లో గుమాస్తాగా పనిచేస్తూనే గాజు వాల్వులతో నడిచే ఓ పాత సెట్టు సంపాదించింది. అప్పటినుంచీ పొద్దున్నే హామ్‌లందరూ వైర్‌లెస్‌లో పలికే హాజరులో ఆమె గొంతు వినపడని రోజులు తక్కువ.

ఇప్పుడు ఆ హాజరే పోయేలా ఉంది. చూపు మందగించి డయల్ మీది గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. తెలియకుండానే అనుమతిలేని ఫ్రీక్వెన్సీకి జరిగి మాట్లాడేసింది. హాజరు పిలిచే అనిల్ కుమార్ రావులపాలెం నుంచి ఫోన్ చేశాడు.

“మేడం, బ్యాండు దాటేస్తున్నారండి. డయల్ సంగతి తేలేదాకా మైకు ముట్టుకోకండి. లైసెన్సు పోతుంది.”

అందుకే ఫ్రీక్వెన్సీని అంకెల్లో చూపించే చిన్న డిస్‌ప్లే తెప్పించింది. దానికి ఐదు వోల్టులు చాలు. సెట్టులోనేమో వందల వోల్టులు. వాల్వుల ఫిలమెంట్లను వేడిచేసే ఆరు వోల్టుల తీగొక్కటే అందులో సాధువు. అక్కణ్ణించే తీసుకుందామనుకుంది.

“ముందు ప్రార్థన చేసుకుని అప్పుడు చెయ్యి పెట్టు,” అన్నాడు భర్త విజయ్ పాల్. “నేను అరుగు మీదుంటాను. ఇద్దరం పోతే కోళ్ళకి మేతేసేవాళ్ళుండరు.”

డిస్‌ప్లేతో పాటు వచ్చిన ఏసీ కరెంటును డీసీగా మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జిని అతికించి, మైనస్ తీగను సెట్టు ఛాసిస్‌కి, అంటే ఇనుప చట్రానికి, కలిపి స్విచ్చేసింది. డిస్‌ప్లే వెలగలేదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వార్నిష్ కాలుతున్న వాసన గుప్పుమంది. ఫ్యూజు పోవాలి కదా, ఎందుకు పోలేదు? ప్లగ్గు పీకేశాక గుర్తొచ్చింది. వానాకాలంలో ఊరికే పోతోందని, వీధిలో అందరూ చేసినట్టే తనూ ఫ్యూజులో రాగి పోగు చుట్టింది.

ట్రాన్స్‌ఫార్మర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. దానికి తీగ చుట్టిచ్చిన మనిషి ఇప్పుడు లేడు. అది పోతే సెట్టు పోయినట్టే. సిగ్గు చంపుకుని అనిల్ కుమార్‌కి ఫోన్ చేసింది.

“ఫిలమెంట్ తీగల్లో ఒకటి ఛాసిస్‌కే కలిపి ఉందేమో చూడండి,” అన్నాడతను.

మీటరు పెట్టి చూస్తే ఉంది.

“అదేనండి. మైనస్ కూడా ఛాసిస్‌కే ఇచ్చేసరికి బ్రిడ్జిలో ఓ డయోడ్ నేరుగా షార్టయింది. బ్రిడ్జి పీకేసి, రెండో తీగకి ఒక్కటే డయోడ్ పెట్టండి. వెనక పెద్ద కెపాసిటర్, ఆ తర్వాత ఐదు వోల్టుల రెగ్యులేటర్. నేనూ మొదట్లో ఇలాగే ఒకటి కాల్చానండి.”

“మరి ట్రాన్స్‌ఫార్మర్ బతికుంటుందా అండి?”

“చెప్పలేనండి. సీరీస్ బల్బు పెట్టి చూడండి.”

మర్నాడు అతుకులన్నీ మార్చి, అసలైన ఫ్యూజు వేసి, కరెంటు వచ్చే దారిలో బల్బు తగిలించింది. అది నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టున్నట్టే. స్విచ్చేసింది. బల్బు భగ్గున వెలిగింది. విజయ్ పాల్ అరుగు మీంచి లేచొచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. వాల్వులు ఎర్రబారేకొద్దీ బల్బు తగ్గుతూ తగ్గుతూ చివరికి సన్నటి ఎర్ర తీగలా మిగిలింది. షార్టు లేదన్నమాట.

అయినా ఆమెకు నమ్మకం చాల్లేదు. బల్బు తీసేసి నేరుగా కలిపాక డిస్‌ప్లేలో అంకెలొచ్చాయి. అనిల్ కుమార్‌కి ఫోన్లో చదివి వినిపించింది.

“నా సెట్టులోనూ అదేనండి. సరైన చోటే ఉన్నారు. మైకులో మాట్లాడండి, వింటాను.”

ఆమె మైకు నొక్కింది.

“ఏమన్నా కాలిన వాసనొస్తోందా అండి?” అంది.

స్పీకర్లో నవ్వు గరగరలాడింది. “రావులపాలెం దాకా వాసన రాదు మేడం! గొంతు మాత్రం బాగా వస్తోందండి.”