మాస్టారు కుట్టిన చేతి బొమ్మ

కటింగ్ మాస్టారంటే ఆ వీధిలో ఆయనొక్కడే. నలభై ఒక్క ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి. మనిషి మెట్టెక్కుతుండగానే ఛాతీ ఎంతో, ఏ భుజం వాలిందో కంటిచూపుతోనే చెప్పేసేవాడు; టేపు పెట్టేది వచ్చినవాడి తృప్తి కోసమే. చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి. అయితేనేం, ఇద్దరు జడ్జీలు, ఒక కాలేజీ ప్రిన్సిపాలు ఆయన ముందు చేతులు చాపి కదలకుండా నిలబడ్డవాళ్ళే. వర్తకుల సంఘం ఇచ్చిన షీల్డు ముందుగదిలో, తలుపు తీయగానే కంటపడే చోట ఉంది. ఒక నల్ల కోటుకి వచ్చిందది. ఆ కోటుకి చేత్తో వేసిన గుండీల కాజాలు చూడ్డానికి సంఘం పెద్దలు ముగ్గురూ భూతద్దం తెప్పించుకున్నారట. ఈ సంగతి ఆయన ఎన్నిసార్లు చెప్పాడో గానీ, చెప్పిన ప్రతిసారీ ఆ భూతద్దం కాస్త పెద్దదయ్యేది.

దుకాణం మూసి రెండేళ్ళయింది. ముందుగది అదే, మిషను అదే, లోపలిగదికి అడ్డంగా వేలాడే పచ్చ కర్టెనూ అదే. కర్టెన్ వెనక మంచం మీద ఆయన భార్య. ఆ మధ్య ఆవిడకి కుడిపక్క పడిపోయింది. కాలు కొంత తేరుకుంది. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. కుడిచెయ్యి మాత్రం, ఎవరో దాచిపెట్టమని ఇచ్చిన వస్తువును వదలనట్టు, పిడికిలి బిగించి ఒళ్ళో పడుంటుంది.

వ్యాయామం చేయించడానికి వారానికి రెండుసార్లు ఒక అమ్మాయి వచ్చేది.

"రెండు నెలల్లో వేళ్ళు తెరుచుకోవాలి తాతగారూ. ఆ తర్వాత బిగుసుకుపోతే ఇక మన చేతుల్లో ఉండదు."

"తాతగారేంటమ్మా? మాస్టారు అను. జడ్జీలే అలా పిలిచారు."

"సరే మాస్టారూ. బంతి ఇస్తే ఆవిడ ఎడంచేత్తో విసిరికొడుతున్నారు. చేతికి తొడిగే గుడ్డబొమ్మ ఉంటుంది చూడండి, చూపుడువేలు తలలోకి, బొటనవేలూ మధ్యవేలూ రెండు చేతుల్లోకి వెళ్తాయి. బొమ్మ ఆడాలంటే వేళ్ళు కదలాల్సిందే. కొనేవన్నీ పిల్లల సైజువి. మీరు కుట్టగలరా?"

"విన్నావుటే?" అన్నాడు మాస్టారు కర్టెన్ వైపు తిరిగి. "నన్ను పట్టుకుని కుట్టగలవా అంటోంది."

ఒక్క పూటలో బొమ్మ తయారైంది. చొక్కా, దానికో జేబు, నిటారుగా నిలబడ్డ కాలరు, తల నిండా కుక్కిన దూది. పెళ్ళికొడుకులా ఉంది. ఆ అమ్మాయి తన చెయ్యే దూర్చబోతే రెండు వేళ్ళు కూడా పట్టలేదు.

"ఎవరి కొలతతో కుట్టారు మాస్టారూ?"

"బొమ్మ కొలతతో."

"తొడుక్కునేది చెయ్యి కదండీ."

మాస్టారు నాలుక కరుచుకున్నాడు. తొడుక్కునేవాడి ఒంటి మీద టేపు పెట్టకుండా కత్తెర ముట్టొద్దని ఎంతమంది పనివాళ్ళని తిట్టిపోశాడో ఆయనకే తెలుసు. టేపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. పిడికిలిని వేలూ వేలూ విడదీసి కొలిచాడు. మణికట్టు, అరచెయ్యి, వేళ్ళ పొడవు. చూపుడువేలి కొసన గింజలా గట్టిపడిన చర్మం తగిలింది. సూది వెనకభాగం ఒత్తీ ఒత్తీ కాయ కాసిన చోటు అది. కొలతల పుస్తకంలో వందలమంది పేర్లున్నాయి. ఆ రోజు దాకా ఈవిడ పేరు మీద పేజీ లేదు.

రెండో బొమ్మలో చెయ్యి పట్టింది. కానీ అంత చిన్న వంపుల్లో మిషను పాదం తిరగక లోపల కుట్టు గట్లు గట్లుగా పడింది. వాచిన కణుపులకి రాసుకుంటుంటే ఆవిడ మొహం చిట్లించి, "గరుకు," అని లాగేసింది. చేత్తో కుట్టడం తప్ప వేరే దారి లేదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మాస్టారికి చేతికుట్టు రాదు. కాజాలు, గుండీలు, అంచు మడతలు, ఏ చేతిపనైనా సాయంత్రం మూటగట్టి కర్టెన్ కిందనుంచి లోపలికి తోసేవాడు. తెల్లారేసరికి మూట పని పూర్తయి వచ్చేది. అది ఎలా అవుతోందో ఆయన ఎప్పుడూ తొంగిచూడలేదు.

"నువ్వు కుట్టి పెట్టవే," అన్నాడు, తల్లిని చూసుకోవడానికి వచ్చిన కూతురితో.

"నాకెలా వస్తుంది నాన్నా? సూది ముట్టుకుంటే అమ్మ నా చేతి మీద కొట్టేది. ఈ మూట నాతోనే పోవాలి అనేది." కూతురు షీల్డు వైపు చూసింది. "బహుమతి తెచ్చిన చెయ్యి నీది కదా. నువ్వే కుట్టు."

మాస్టారు స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు, కొత్తగా పనిలో చేరినవాడిలా. దారం బారెడు లాగితే ఆవిడ ఎడంచేత్తో మోచెయ్యి చూపించింది. "ఇంతే... చాలు." కుట్టి చూపిస్తే గోటితో గీరి, "విప్పాలి," అంది. మళ్ళీ కుట్టాడు. మళ్ళీ విప్పించింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం చూసి, "గేటు... పెట్టావా?" అంది. ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. మాట తడబడి వచ్చిందో, మనసులో ఉండే వచ్చిందో మాస్టారికి తేలలేదు. వేళ్ళ నిండా సూదిపోట్లు. పంతొమ్మిదో రోజున ఆవిడ కుట్టంతా తడిమి చూసి, "పర్లేదు," అంది. ఆ పూట మాస్టారు వీధిలో మెడ కాస్త నిక్కించుకునే నడిచాడు.

పాత దుప్పటి ముక్కతో కుట్టిన ఆ మూడో బొమ్మ ఆవిడ చేతికి సరిగ్గా అమిరింది. నాలుగో రోజున బొటనవేలు కదిలి బొమ్మ ఒక చెయ్యి ఎత్తింది.

"నాన్నా, నీకే చెయ్యూపుతోంది," అంది కూతురు.

"కాదు... కొడుతోంది," అంది తల్లి.

ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో అంత నవ్వు చాలా కాలానికి వినబడింది. ఇంకో వారానికి మధ్యవేలు కదిలింది. ఇక మిగిలింది చూపుడువేలే. బొమ్మ తల ఎత్తితే గండం గడిచినట్టేనంది వ్యాయామం అమ్మాయి. గడువు ఇంకా పన్నెండు రోజులుంది.

అలాంటప్పుడు ఒక సాయంత్రం పాత ప్రిన్సిపాలు పలకరించడానికి వచ్చాడు. ఒంటి మీద మాస్టారు కుట్టిన ఇరవై ఏళ్ళనాటి కోటు. ఆవిడని ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టారు. చేతికి బొమ్మ ఉంది.

"ఏమైనా మాస్టారూ, ఒక్క కాజాకి పోగు లేవలేదు చూడండి. ఏం చెయ్యి అండీ మీది!"

కాఫీ తెస్తున్న కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ తలెత్తి భర్త వైపు చూసింది. ఒళ్ళో బొమ్మ తల కూడా, వెంట్రుకవాసి, లేచింది. మాస్టారు చూశాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. నోరు తెరిచాడు.

"వర్తకుల సంఘంవాళ్ళు భూతద్దం తెప్పించుకున్నారండీ," అని వచ్చింది నోట్లోంచి. ఏళ్ళ తరబడి నడిచి నడిచి అరిగిన దారి అది. మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియక, పెద్దలు ముగ్గురితో మొదలుపెట్టి షీల్డు దాకా మొత్తం చెప్పేశాడు.

బొమ్మ తల వాలిపోయింది.

ప్రిన్సిపాలు వెళ్ళాక ఆవిడ ఎడంచేత్తో బొమ్మని ఊడదీసి భర్త ఒళ్ళో పెట్టింది. "మీదే," అంది. నువ్వు పోయి మళ్ళీ మీరు.

ఆ తర్వాత ఎవరు బతిమాలినా చెయ్యి ఇవ్వలేదు. మాస్టారు మర్నాడే ప్రిన్సిపాలు ఇంటికి నడిచి వెళ్ళి, "ఆ కాజాలు మా ఆవిడవండీ. షీల్డు కూడా ఆవిడదే," అని చెప్పాడు. ఆయన నవ్వి, "ఎంత ఎదిగినా మీకు ఈ వినయం పోలేదు," అన్నాడు. ఆ ముక్క ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక, వచ్చి షీల్డు దించి అలమారలో పెట్టాడు. గోడ మీద అది ఉన్నంత మేర సున్నం తెల్లగా, కొత్తగా ఉంది. అదిప్పుడు అప్పటి షీల్డు కంటే ముందు కంటపడుతోంది.

గడువు దాటింది. పిడికిలి అలాగే బిగిసిపోయింది.

మాస్టారిప్పుడు ఆ అమ్మాయి తెచ్చే కొలతలకి వేరే రోగుల కోసం బొమ్మలు కుడుతున్నాడు. కుట్టు సన్నగా, లోపల చెయ్యి పెడితే తెలియనంత నున్నగా ఉంటుంది. ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే, "మా ఆవిడ నేర్పింది," అంటాడు, కర్టెన్ అవతలికి వినబడేలా. పని ముగిశాక, కుట్టు సరిచూడమని బొమ్మని కర్టెన్ కిందనుంచి లోపలికి తోస్తాడు. తెల్లారి చూస్తే అది తోసినచోటే ఉంటుంది.