బీరువా తలుపు మీది సొట్ట

మా ఆవిడ కార్ల షెడ్డులో సొట్టలు తీస్తుంది. గుద్దుకుని నుజ్జయిన తలుపుల్ని సుత్తితో మళ్లీ తలుపులు చేస్తుంది. ఒకసారి రేకు కోసుకుని అరచేయి చీలితే, గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా పనిచేసింది. పురిటి గదిలోనూ కిక్కురుమనలేదు.

అందుకే పాపతో ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, "కడుపులో కొంచెం నొప్పి" అంటే ఎవరమూ పట్టించుకోలేదు.

"పచ్చి బాలింతవి, నీరసమే," అంటూ అత్తయ్య మీగడ పాలు తాగించింది. కాసేపటికి మా ఆవిడ మెలికలు తిరిగింది. అత్తయ్య మళ్లీ పాలు కాచింది.

"తాగవే, నా తల్లివి కదూ!"

గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. "చంపుతావా నన్ను?" అని అరిచి, తల్లి చేతిని విదిలించి కొట్టింది. పచ్చగా కక్కింది. పిడికిలితో బీరువా తలుపును గుద్దింది, మళ్లీ గుద్దింది. కణుపులు చిట్లి రేకు మీద నెత్తురు జారింది. పాప గుక్కపట్టింది.

"దయ్యం గానీ పట్టిందా ఏమిటే?"

"గునపం దించుతున్నారమ్మా! బొడ్డు పైనుంచి వీపులోకి!"

ముందుకు వంగి, మోకాళ్లకు నుదురు ఆనించింది. కడుపు వెనక క్లోమం ఉంటుందని చదువుకున్నవాణ్ణి. పాల గిన్నె లాక్కున్నాను.

"ఇంక చుక్క కూడా పట్టకండి అత్తయ్యా!"

ఎత్తబోతే నా భుజం కొరికింది. అలాగే మోసుకెళ్లి ఆటోలో పడేశాను.

"పిత్తాశయంలోంచి రాయి జారి అడ్డుపడింది. అన్నాన్ని అరిగించాల్సిన రసం క్లోమాన్నే తినేస్తోంది," అంది డాక్టరు. "కానుపు తర్వాత ఇలా రావడం అరుదు. ఇంతసేపు ఎందుకు ఊరుకున్నారు?"

"కొంచెం అందండీ," అంది అత్తయ్య.

"బతుకుతుందా?" అన్నాను.

డాక్టరు లోపలికి పరిగెత్తింది. లోపల మా ఆవిడ సూదులు పీకేసింది. నర్సును తన్నింది. చేతులు మంచానికి కట్టారు. తర్వాత అరుపులు ఆగిపోయాయి. అరుపులకన్నా అదే భయంకరంగా ఉంది.

బతికింది. ఒళ్లు కాస్త కోలుకున్నాక మిగిలిన రాళ్లతో పాటు పిత్తాశయాన్నీ తీసేశారు.

ఇంటికొచ్చి బీరువా ముందు నిలబడింది.

"ఏ చేతగానివాడు కొట్టాడిది?"

"నువ్వే."

"సుత్తి తే."

తలుపు తెరిచి, సొట్టను లోపలి వైపు నుంచి తడిమింది. సుత్తి ఎత్తి, కొట్టకుండానే దించేసింది.

"కుట్ల దగ్గర నొప్పా?" అన్నాను.

"కొంచెం."

అత్తయ్య పాపను నా చేతుల్లో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం పరిగెత్తింది.