నెమలి మెడ మీద చుక్క

కోరుట్లలో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. మా అక్క సిరిసిల్లలో చీర అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీస్తుంది. ఆ ఫైలును సాంచెకు, అంటే పవర్‌లూమ్‌కు ఎక్కిస్తే నెమళ్లు బట్ట మీదికి దిగుతాయి. మొన్న వానాకాలంలో అక్క సీపీయూను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది.

"నెమలి మెడ మీద చుక్క పడుతంది తమ్మీ. ప్రతి నెమలికీ గదే చోట. కాక కండ్లు మందగించినయని ఆసామి సాంచెను ఇంకొకలకు ఇస్తనంటున్నడు" అంది.

కాక అంటే ఆ సాంచె నడిపే ముసలాయన. మాకు చుట్టమేమీ కాడు, అక్క అలా పిలుస్తుంది. ఆసామి సాంచెల యజమాని. పోగు తెగిందేమోనని కాక మళ్లీ మళ్లీ అతుకుతున్నాడట. పోగు తప్పయితే బట్ట పొడవునా గీత పడుతుంది, చుక్క పడదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తన మీద తనకే అనుమానం పుడితే తెలిసింది కూడా అక్కరకు రాదు.

"కంప్యూటర్‌లో ఏమన్న ఉందేమో?" అన్నాను.

"ఎట్లుంటది? గిది తప్పులు దిద్దుకునే మెమరీ. ఏరి కోరి ఏయించిన."

విప్పి చూశాను. నిజమే, ఈసీసీ మెమరీయే. కానీ అది ఒంటరిగా ఏమీ దిద్దలేదు. ప్రాసెసర్‌కు ఆ గుణం ఉండాలి, మదర్‌బోర్డూ ఒప్పుకోవాలి. అక్క ప్రాసెసర్‌కు అది లేదు. మెమరీ మామూలు దానిలా పనిచేసుకుపోతోంది. మొరాయించినా బాగుండేది, ఈ నంగనాచితనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పరీక్ష పెడితే మెమరీలోనే తప్పులు బయటపడ్డాయి. డిజైన్‌ను పెద్దది చేస్తే నెమలి మెడ మీద అక్క గీయని చుక్క కనిపించింది. ఆ ఒక్క నెమలి బొమ్మే అంచంతా మళ్లీ మళ్లీ దిగుతుంది.

ప్రాసెసర్, బోర్డు, మెమరీ మూడూ ఒకదానికొకటి సరిపడేవి వేశాను. అక్క డిజైన్ సరిచేసింది. ఇద్దరం సిరిసిల్ల పోయి సాంచెకు ఎక్కించాం. నెమలి మెడ శుభ్రంగా దిగింది. ఆసామి బట్టను తడిమి చూసి పక్క సాంచె దగ్గరికి వెళ్లిపోయాడు.

సాంచెల మోతలో అక్క గట్టిగా అరిచింది: "కాకా, తప్పు నా కంప్యూటర్‌దే! నీ కండ్లు మంచిగున్నయి!"

ఆయన మా ఇద్దరి చెవుల దగ్గరికి వంగాడు. "డాక్టరు సుత గదే అన్నడు బిడ్డా. నేనే నమ్మలే. రేపటి సంది పనికి పోనని ఇంట్ల చెప్పి అచ్చిన."

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు. కాక మాత్రం సాంచె ఆపలేదు.