అరగని బ్రేకులు

సైకిల్ మెకానిక్‌కి మనుషుల మాట మీద నమ్మకం పోయి ముప్పై ఏళ్లయింది. ఏ సంగతైనా సైకిల్నే అడుగుతాడు. ఆఫీసు మెట్లెక్కితేనే ఆయాసపడే బావమరిది ఆ రోజు ఖరీదైన గేర్ల సైకిల్ని షాపులోకి తోసుకొచ్చి, ఐదు రోజులు మనిషి జాడలేని కొండల్లో తొక్కానని కోతలు మొదలుపెట్టాడు. మెకానిక్ భార్య తమ్ముడి ఘనకార్యానికి మురిసిపోయి కాఫీ తెచ్చింది. సైకిలంతా బురదే, అదీ గోడకి సున్నం కొట్టినంత సమానంగా. మెకానిక్ చక్రం విప్పి బ్రేకు ప్యాడ్లు తడిమాడు. కొన్ననాటి మందం చెక్కుచెదరలేదు.

"పదకొండు కొండలు ఎక్కి దిగాను బావా," అన్నాడు బావమరిది.

"బ్రేకులు అరక్కుండా కొండ దిగడానికి రెండే దార్లోయ్. ఒకటి జీపు, రెండోది లోయ. నువ్వేమో బతికే ఉన్నావు."