తిరువూరు వంటింట్లో నాబె పాఠం

"మాస్టారూ, వచ్చే వారం మళ్ళీ జపాన్ వెళ్తున్నానండి. ఈసారి పస్తుండను" అని తిరువూరులో బియ్యం మిల్లు నడిపే రత్నకుమారి గారు ఫోన్ చేశారు. నేను విజయవాడలో జపనీస్ నేర్పుతాను. ఆవిడది శాకాహార కుటుంబం. క్రితంసారి ధాన్యం ఏరే యంత్రం కొనడానికి వెళ్ళినప్పుడు, అమ్మకందారు తనాకా గారు నాబె విందు ఇచ్చారు. బల్ల మీదే పొయ్యి పెట్టి, ఒకే గిన్నెలో ఉడికినదాన్ని అందరూ పంచుకు తినే వంటకం నాబె. అందులో చేప ఉందేమోనని అడగలేక, కడుపునొప్పి అని చెప్పి ఆవిడ లేచిపోయారు. ఆయన నొచ్చుకున్నారు, బేరం ఆగిపోయింది.

భోజనం బల్ల దగ్గరి మాటలు నేర్పడానికి మర్నాడు ఉదయం బస్సెక్కాను. మైలవరం మీదుగా రెండు గంటల పైనే పడుతుంది, టికెట్టు రెండు వందల లోపే. స్టాండు దగ్గర షేర్ ఆటో డ్రైవరు నా సంచిలోని కొంబును చూసి, "ఏంటండీ, తోలు ముక్కలా?" అన్నాడు. సముద్రపు నాచు, నీళ్ళలో వేస్తే రుచి దిగుతుందని చెప్పాను. "రత్నమ్మ గారింటికా? అత్తగారు గడప దాటనిస్తే చూడండి!"

అత్తగారు దాటనిచ్చారు. ఇండక్షన్ స్టవ్ మీద కొంబు నీళ్ళు, క్యాబేజీ, తోఫు ఉడికాయి. గిన్నెలోంచి తీసుకునే ఉమ్మడి చాప్‌స్టిక్ పుల్లలు తోరిబాషి అని చెప్పి, చేయకూడనిది చూపించడానికి నేను తింటున్న పుల్లలనే గిన్నెలో ముంచాను.

"అయ్యో మాస్టారూ, ఎంగిలి చేసేశారు!" పెద్దావిడ కేక వేశారు.

"దీన్ని జికాబాషి అంటారమ్మా. సొంతవాళ్ళ మధ్య పట్టించుకోకపోయినా, అతిథుల ముందు అక్కడా తప్పే."

"అయితే వాళ్ళూ మనవాళ్ళే! ముందు ఆ గిన్నె తియ్యండి."

పాఠం మొత్తం మళ్ళీ మొదలైంది. అదే మేలు చేసింది. ఈసారి నేను విందు ఇచ్చేవాడిలా నీళ్ళ గిన్నె ఎత్తగానే రత్నకుమారి గారు అడ్డంగా చెయ్యి పెట్టి, "సకానా నో దషి వ హైత్తె ఇమాసు క?" అన్నారు. చేప రసం కలిసిందా అని. నాబెలో ముందు పడేది ఆ రసమే, దషి.

అప్పుడే తనాకా గారికి చేయడానికి ఫోన్ తీశారు. జపాన్‌లో సాయంత్రం. "ఇప్పుడేనా?" అన్నాను. "ఇప్పుడు కాకపోతే ఆ బల్ల దగ్గర మళ్ళీ నోరు పడిపోతుందండి." స్పీకర్ పెట్టి, తాను మాంసం, చేప తినలేనని చెప్పి, "కొంబు దషి దె ఒనెగాయ్‌షిమాసు" అని అడిగారు. కొంబు రసంతో చేయించమని. తనాకా గారు నవ్వి ఏదో అన్నారు. అర్థం చెప్పమన్నట్టు ఆవిడ నా వైపు చూశారు.

"ఆ రోజే చెప్పి ఉంటే ఆ రోజే చేయించేవాణ్ణి, అంటున్నారు" అన్నాను.

తిరుగు బస్సులో ఆ మాటే తలచుకున్నాను. మనం మొహమాటంతో దాచిన అవసరం ఎదుటివారికి తిరస్కారంలా కనిపిస్తుంది. అడిగినప్పుడు మాత్రం వారికి మనల్ని ఆదరించే దారి దొరుకుతుంది. శాకాహారులకు ఒక సూచన: దషి గురించి బల్ల దగ్గర కాదు, ముందు రోజే అడగండి. నంజుకునే పొంజు అనే పుల్లటి సాస్‌లోనూ చేప రసం ఉండవచ్చు, దాన్ని మరవకండి.