తుమ్మి మొక్కకు నీళ్ళు

గుడుపల్లె దగ్గర రోడ్డు పక్కన తుమ్మి విత్తనాలు ఏరుతున్నాను కానీ, మనసంతా కుప్పంలో ఎక్కాల్సిన రైలు మీదే ఉంది. వానలు తగ్గేకొద్దీ ఎవరూ నాటని మొక్కలు ఎలా మారుతున్నాయో చూడటం నా పని.

ఆవుకు గడ్డి కోస్తున్న మునెమ్మ కొడవలి ఆపి, "ఈ ఇత్తనాలు యాల ఏరతాండావమ్మా, ఎందుకు పనికొస్తాయి?" అని అడిగింది.

"వానలు ముందే ఆగిపోతున్నాయి కదక్కా. తొందరగా పూసినవే విత్తనం కడుతున్నాయి. వాటి పిల్లలూ తొందరగానే పూస్తాయి. అట్లా తరతరానికీ జాతే మారిపోతోంది" అన్నాను.

ఆమె రాళ్ళ సందున వాడిపోతున్న ఒక మొక్కను చూపించింది. దానికింకా మొగ్గలే. "మరి ఇదో?"

"విత్తనం కట్టకముందే ఎండిపోతుంది."

మునెమ్మ తన నీళ్ళ సీసా మూత తీసి దాని మొదట్లో వంచబోయింది. "వద్దక్కా, నా పరిశీలన పాడైపోతుంది!" అని చెయ్యి అడ్డం పెట్టాను.

"పొట్టతో ఉండాది గదమ్మా. అట్లాంటిదాన్ని ఎండకు ఇడిసిపెట్టి పోతారా ఎవరైనా?"

మా కోస్తాలో వరి పొట్టకొచ్చిందంటాం. కలుపు మొక్కను ఆ మాట అనగా ఎప్పుడూ వినలేదు. చెయ్యి తీసేశాను. ఆమె పోసిన నీళ్ళను నేల ఇట్టే పీల్చేసింది.

బస్సు వచ్చి హారన్ కొట్టింది. అది పోతే రైలు దొరకదు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, నా సీసాలో నీళ్ళు కూడా అక్కడే గుమ్మరించి పరుగెత్తాను.

"నువ్వు పోమ్మా, నేను సూసుకుంటా!" అని ఆమె కేకేసింది.

రైల్లో కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ మొక్క విత్తనం కడితే, ఆలస్యంగా పూసే తుమ్మి ఆ దారిలో ఇంకా మిగిలే ఉంటుంది.